కథ తెగలేదంటే పేజీలన్నీ ఉన్నట్టేనా?

ప్రశ్న: నాకు పాత అమెరికన్ కామిక్స్ సేకరించే అలవాటు ఉంది. 1970ల నాటి మార్వెల్ సంచికలు కొన్ని గ్రేడింగ్‌కు, అంటే పుస్తకం ఎంత బాగుందో పరీక్షించి అంకె వేసే సంస్థకు, పంపాలనుకుంటున్నాను. ముందుగా పేజీలు లెక్కపెడితే ఒకదానిలో 30 పేజీలే వచ్చాయి, ఇంకోదానిలో 36 వచ్చాయి. మిగతావన్నీ 32. ముప్పై వచ్చినదాన్ని ఈమధ్యే కొన్నాను. అమ్మినాయన్ని అడిగితే ‘‘కథ ఎక్కడా తెగలేదు కదా, పుస్తకం కంప్లీటే’’ అంటున్నారు. నా ఫ్రెండేమో ‘‘పేజీలు లెక్కపెట్టడం గ్రేడింగ్ వాళ్ల పని, నువ్వు ఊరికే తెరిచి మూసి గ్రేడ్ తగ్గించుకోకు’’ అంటున్నాడు. ఎవరి మాట వినాలి? ఇన్‌క్రెడిబుల్ హల్క్ 181వ సంచిక కూడా ఒకటి స్లాబ్‌లో (గ్రేడ్ వేసి సీలు చేసిన ప్లాస్టిక్ పెట్టెలో) ఉన్నది కొనాలని చూస్తున్నాను. స్లాబ్‌లో ఉంది కాబట్టి లోపల అన్నీ ఉన్నాయని నమ్మొచ్చా?

జవాబు: మీరు లెక్కపెట్టడం చాలా మంచి పని. ఆ 30 పేజీల సంచికను ఇప్పుడే గ్రేడింగ్‌కు పంపకండి. వాపసు ఇచ్చే గడువు ఇంకా ఉంటే ముందు దాని సంగతి తేల్చుకోండి. 36 వచ్చినదాని గురించి టెన్షన్ అక్కర్లేదు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు ఈ పుస్తకాలు ఎలా తయారవుతాయో ఒకసారి గుర్తు చేసుకుందాం, ఎందుకంటే మిగతా లెక్కంతా దాని మీదే నిలబడుతుంది. పిన్నులు కొట్టిన కామిక్‌లో విడి కాగితాలు ఉండవు. షీటును మధ్యకు మడిచి, ఒకదానిలో ఒకటి దూర్చి, మడత మీద పిన్నులు కొడతారు. ఒక షీటు మడిస్తే రెండు కాగితాలు, అంటే నాలుగు పేజీలు. లోపల 32 పేజీలుంటే ఎనిమిది షీట్లన్నమాట. అట్ట ఇంకో షీటు, దాని నాలుగు వైపులూ కలిపితే 36.

కాబట్టి పిన్నులు కొట్టిన పుస్తకంలో పేజీల సంఖ్య ఎప్పుడూ నాలుగుతో భాగించబడాలి. ముప్పై అనే సంఖ్య ప్రెస్ నుంచి వచ్చే వీల్లేదు. అది వచ్చిందంటే మూడింటిలో ఒకటి జరిగి ఉండాలి: మీ లెక్క తప్పడం, రెండు కాగితాలు అంటుకుపోవడం, లేదా ఎవరో ఒక కాగితం తీసేయడం.

అంటుకుపోవడం మనం అనుకునే దానికంటే మామూలు విషయమే. తేమ తగిలిన పుస్తకాల్లో అంచుల దగ్గర కాగితాలు అతుక్కుంటాయి, చేతికి ఒక్కటిగానే తగులుతాయి. ఏదైనా కాగితం మిగతావాటికంటే మందంగా అనిపిస్తే అక్కడ ఆగండి. గోరుతో విడదీసే ప్రయత్నం చేయకండి, పైపొర బొమ్మతో సహా ఊడి వచ్చేస్తుంది.

అంటుకోలేదని తేలితే పుస్తకాన్ని సరిగ్గా మధ్యకు, పిన్నుల కాళ్లు కనిపించే చోటికి తెరవండి. అక్కడి నుంచి ఎడమవైపు ఎన్ని కాగితాలున్నాయో, కుడివైపు ఎన్నున్నాయో విడివిడిగా లెక్కపెట్టండి. 32 పేజీల పుస్తకంలో అటు ఎనిమిది, ఇటు ఎనిమిది ఉండాలి. మీకు ఒకవైపు ఎనిమిది, ఇంకోవైపు ఏడు వస్తాయని నా అంచనా. ఏడున్న వైపే కాగితం పోయింది. దానికి జతగా ఉండాల్సిన కాగితం రెండోవైపు ఒంటరిగా ఉంటుంది. బ్లేడుతో కోసి ఉంటే మడత లోపల సన్నని కాగితపు చీలిక మిగిలి ఉంటుంది, ఆ జత కాగితం పిన్నును పట్టుకునే నిలబడుతుంది. మడత దాకా చిరిగిపోయి ఉంటే జత కాగితం వదులుగా కదులుతుంటుంది. మడత లోపలికి టార్చి వెలుగు పక్కనుంచి పడేలా చూస్తే ఆ చీలిక తెలిసిపోతుంది.

ఇక అమ్మినాయన చెప్పిన మాట. కథ తెగకపోవడం పేజీలన్నీ ఉన్నాయనడానికి రుజువు కాదు. 1970ల రెండో సగంలో మార్వెల్ సంచికల్లో 32 పేజీలకు కథ వచ్చేది 17, 18 పేజీలే. మిగతా అంతా ప్రకటనలు, పాఠకుల ఉత్తరాలు, కంపెనీ కబుర్లు. పేజీల కింద వేసే నంబర్లు కూడా చాలాసార్లు కథ పేజీలకే వేసేవారు, మధ్యలో ప్రకటన వస్తే దాన్ని లెక్కలోకి తీసుకునేవారు కాదు. రెండు వైపులా ప్రకటనలే ఉన్న కాగితం ఒకటి పోతే కథ చక్కగా సాగుతుంది, నంబర్లు వరసగా ఉంటాయి, పుస్తకం మాత్రం అసంపూర్ణం. చదివి మూసేసేవాళ్లకు ఇది ఎప్పటికీ తెలియదు. ఆయన నిజాయితీగానే అని ఉండొచ్చు. అయినా పుస్తకం కంప్లీట్ అని చెప్పి అమ్మేటప్పుడు ప్రకటనలు కూడా పుస్తకంలో భాగమే. గ్రేడింగ్ వాళ్లూ అలాగే చూస్తారు.

ఒక పద్ధతి చెబుతాను, కొంచెం ఓపిక కావాలి. ఒక తెల్లకాగితం మీద ఒకటి నుంచి 32 దాకా అంకెలు వేసుకోండి. పుస్తకం మొదటి లోపలి పేజీ నుంచి మొదలుపెట్టి ప్రతి అంకె పక్కన అక్కడ ఏముందో రాయండి: కథ 1, కథ 2, ప్రకటన, ప్రకటన, కథ 3, ఇలా. పుస్తకం మీద మాత్రం పెన్సిల్ గీత కూడా పడకూడదు. ఇప్పుడు ఒక చిన్న లెక్క గుర్తుంచుకోండి. 32 పేజీల పుస్తకంలో షీటుకు ఒకే వైపున పక్కపక్కన పడే రెండు పేజీల అంకెలు కూడితే ఎప్పుడూ 33 వస్తుంది. 1కి జత 32, 5కి జత 28, మధ్యలో 16కి జత 17. మొత్తం షీటే పోయినప్పుడు ఈ లెక్క బాగా పనికొస్తుంది. ఉదాహరణకు బయటి నుంచి మూడో షీటు లేకపోతే 5, 6 పేజీలతో పాటు 27, 28 కూడా పోతాయి. అంటే గ్యాప్ ఒకచోట కాకుండా రెండుచోట్ల, మధ్య నుంచి సమాన దూరంలో వస్తుంది. కథలో ముందు ఒకచోట అతుకు సరిపోలేదనిపిస్తే వెనక దాని జత దగ్గర కూడా చూడండి. రెండుచోట్లా తేడా ఉంటే షీటు పోయింది. ఒక్కచోటే ఉంటే కాగితం పోయింది.

షీటు మొత్తం పోతే మధ్య నుంచి అటూ ఇటూ లెక్క సమానంగానే వస్తుంది, ఏడూ ఏడూ. అందుకే సమానంగా ఉంది కదా అని ఊరుకోకూడదు, మొత్తం సంఖ్య కూడా తెలిసి ఉండాలి. అన్నిటికంటే తేలిగ్గా పోయేది నడిమి షీటు, కలెక్టర్లు సెంటర్‌ఫోల్డ్ అనేది. పిన్నుల కాళ్లు మడిచేది దాని మీదే. రంధ్రాలు కాస్త చిరిగితే ముందు ఊడి వచ్చేదీ అదే. 32 పేజీల పుస్తకంలో అది పోతే 15 నుంచి 18 దాకా ఉండవు. ఊడింది కానీ లోపలే ఉంది అంటే అది వేరే సంగతి. దాన్ని లోపంగా రాసి గ్రేడ్ తగ్గిస్తారు, పుస్తకం మాత్రం పూర్తిగానే ఉన్నట్టు. ఊడినదాన్ని మీరు జిగురుతో అంటించకండి. మనం చేసే ఆ చిన్న సాయం పుస్తకాన్ని రిపేరు చేసినవాటి కోవలోకి నెట్టొచ్చు. అలాగే లోపల సర్ది పంపండి.

అసలు ఎన్ని పేజీలుండాలి అన్నది కాలాన్ని బట్టి మారింది. 1938లో వచ్చిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో లోపల 64 పేజీలు. రెండో ప్రపంచ యుద్ధం నాటి కాగితం కొరతతో పుస్తకాలు పలచబడుతూ వచ్చాయి. 1950ల నుంచి లోపల 32, అట్టతో 36 అనేది మామూలు కొలతగా స్థిరపడింది. మినహాయింపులు చాలా ఉన్నాయి. 1971, 72లో డీసీ అనే ప్రచురణ సంస్థ అట్టతో కలిపి 52 పేజీల సంచికలు తెచ్చింది. 1974, 75లో మార్వెల్ జెయింట్ సైజ్ పేరుతో లావు పుస్తకాలు వేసింది. యాన్యువల్స్, అంటే ఏటా వేసే ప్రత్యేక సంచికల సంగతి సరేసరి. ఇలాంటి లావు పుస్తకాల్లో కొన్నిటికి వెన్ను పిన్నులతో కాకుండా జిగురుతో కడతారు. వాటిలో నేను పైన చెప్పిన జత లెక్క పనిచేయదు, ఒక్కో కాగితం విడిగా ఊడిపోగలదు. వాటిని వరసగా ఒక్కొక్కటే చూసుకోవడం తప్ప దారి లేదు.

సంచిక వారీగా సరైన సంఖ్య కావాలంటే గ్రాండ్ కామిక్స్ డేటాబేస్ చూడండి. 1994 నుంచి కలెక్టర్లు స్వచ్ఛందంగా నడుపుతున్న జాబితా అది. ఏ కథ ఎన్ని పేజీలో, కొన్ని సంచికలకు ఏ ప్రకటన, ఏ ఉత్తరాల పేజీ ఉందో కూడా దొరుకుతుంది. ఒక జాగ్రత్త: అక్కడ పేజీల సంఖ్యలో సాధారణంగా అట్ట నాలుగు వైపులనూ కలిపి రాస్తారు. మీరు లోపలివే లెక్కపెట్టి 32 తెచ్చుకుని, అక్కడ 36 చూసి నాలుగు పోయాయని కంగారు పడకండి. వీలైతే అదే సంచిక ఇంకో కాపీ ఉన్నవాళ్లను అడిగి పేజీ పేజీ పోల్చుకోవడం ఇంకా మేలు.

ఇప్పుడు మీ 36 పేజీల సంచిక. ముందుగా అట్టను కలిపి లెక్కపెట్టలేదని ఖాయం చేసుకోండి. కలపలేదంటే లోపల ఎక్కడో మిగతా కాగితం కంటే మందంగా, మెరుస్తూ, నగల ప్రకటనతో ఒక షీటు ఉందేమో చూడండి. ఉంటే అది మార్క్ జ్యువెలర్స్ ఇన్‌సర్ట్. 1970ల నుంచి 80ల మధ్యదాకా కొన్ని కాపీల్లో మాత్రమే దాన్ని కలిపి పిన్ను కొట్టేవారు. ఎక్కువగా అమెరికా సైనిక స్థావరాలకు వెళ్లిన కాపీలవి అని కలెక్టర్లు చెబుతారు. అది లేని కాపీ లోపం ఉన్నదేమీ కాదు, ఉన్న కాపీ కొందరికి ఇంకా ఇష్టం. దయచేసి దాన్ని అదనపు చెత్త అనుకుని తీసేయకండి. అలా తీసేసిన కాపీల్లో పిన్నుల దగ్గర వదులు ఏర్పడి, ఏదో పోయిందన్న అనుమానం మిగులుతుంది.

మందపాటి షీటు కనిపించకపోతే ఏదైనా షీటు రెండుసార్లు పడిందేమో చూడండి. ప్రెస్‌లో ఇలాంటివి జరుగుతాయి. ఇక్కడే నన్ను ఎక్కువ ఆలోచింపజేసే సంగతి ఉంది: ఒక షీటు రెండుసార్లు పడి, ఇంకోటి పడకపోతే మొత్తం సరిగ్గా 32 వస్తుంది, అటు ఎనిమిది ఇటు ఎనిమిది వస్తుంది, పుస్తకం మాత్రం తప్పు. అందుకే లెక్కతో సరిపెట్టుకోకుండా ప్రతి పేజీలో ఏముందో రాసుకోమన్నాను.

లెక్కా, వరసా రెండూ సరిపోయినా ఇంకో అనుమానం మిగులుతుంది: పోయిన షీటును వేరే కాపీ నుంచి తెచ్చి పెట్టారేమో. ఖరీదైన సంచికల్లో ఇది జరుగుతుంది. ఒకే పుస్తకంలో పుట్టి పెరిగిన కాగితాలన్నీ ఒకే తీరులో పాతబడతాయి. చవక న్యూస్‌ప్రింట్ అంచుల నుంచి లోపలికి గోధుమరంగు తిరుగుతుంది, పక్కపక్క షీట్లలో ఆ రంగు క్రమంగా మారుతుంది. మధ్యలో ఒక్క షీటు తెల్లగానో, మరీ ముదురుగానో ఉంటే ఆగి చూడండి. నీటి మరక ఉన్న పుస్తకమైతే ఇంకా తేలిక. మరక ఒక షీటు దగ్గర మాయమై తర్వాతి షీటులో మళ్లీ మొదలైతే ఆ షీటు బయటి నుంచి వచ్చినట్టే. పిన్నుల దగ్గర తుప్పు గుర్తులు, రంధ్రాల వరస, అంచుల కొలత కూడా పోల్చండి. పాత న్యూస్‌ప్రింట్‌కు బదులు ఈ కాలపు తెల్లకాగితం మీద ప్రింట్ తీసి పెట్టి ఉంటే అల్ట్రావయొలెట్ టార్చి కింద అది నీలంగా వెలుగుతుంది, చుట్టూ ఉన్న పాత కాగితం వెలగదు.

ఇక పేజీ ఉండి అందులో ముక్క లేకపోవడం. ప్రకటనల్లోని ఆర్డర్ కూపన్లను అప్పటి పిల్లలు కత్తిరించి పోస్టులో పంపేవారు. కూపన్ వెనకవైపు కథ బొమ్మ ఉంటే అదీ పోతుంది. 1974 నుంచి మార్వెల్ తమ పుస్తకాల్లో వాల్యూ స్టాంపులు (పాత్రల బొమ్మలున్న చిన్న స్టాంపులు) వేసి, కత్తిరించి అంటించుకోమని తనే పిల్లలకు చెప్పింది. మీరు కొనాలనుకుంటున్న హల్క్ 181, 1974 నవంబరు తేదీతో వచ్చి వుల్వరిన్ అనే పాత్ర పూర్తిస్థాయిలో తొలిసారి కనిపించిన సంచిక, ఈ నష్టానికి బాగా పేరుపడింది. అందులో షానా అనే పాత్ర బొమ్మతో 54వ నంబరు స్టాంపు ఉండాలి, అది ఉత్తరాల పేజీలో ఉంటుంది. స్లాబ్ లేని కాపీ కొనేవాళ్లు అట్ట ఫొటోతో పాటు ఆ పేజీ ఫొటో అడక్కుండా డబ్బు కట్టకూడదు. 1983 నాటి అమేజింగ్ స్పైడర్‌మాన్ 238లో పచ్చబొట్టు స్టిక్కర్ల షీటు కూడా అలాంటిదే. అది లేని కాపీలు చాలా తిరుగుతున్నాయి.

స్లాబ్ గురించి అడిగారు. సీజీసీ లాంటి సంస్థల్లో గ్రేడ్ వేయడానికి ముందే పేజీలు లెక్కపెడతారు, తేడా ఉంటే లేబుల్ మీద రాస్తారు. కాబట్టి నమ్మకం పెట్టుకోవచ్చు, లేబుల్ మొత్తం చదివిన తర్వాత. పైనున్న పెద్ద అంకె ఒక్కటే చూసి కొనకండి. సీజీసీలో నీలం లేబుల్ మామూలుది. ఆకుపచ్చది క్వాలిఫైడ్, అంటే ఒక చెప్పుకోదగ్గ లోపాన్ని పక్కన పెట్టి మిగతా పుస్తకానికి గ్రేడ్ వేసినట్టు. స్టాంపు కత్తిరించిన హల్క్ 181 తరచుగా ఈ లేబుల్‌తోనే కనిపిస్తుంది. ఊదారంగు అంటే రిపేరు చేసినది. చిన్న అక్షరాల్లో ఇన్‌కంప్లీట్ అనో, ఫలానా పేజీ లేదు అనో ఉందేమో చూడండి. నీలం లేబుల్ మీద మరీ తక్కువ గ్రేడ్ ఉంటే దానికి కారణం ఆ చిన్న అక్షరాల్లోనే ఉండొచ్చు. ఆ తర్వాత సర్టిఫికేషన్ నంబరును సంస్థ వెబ్‌సైట్‌లో వెతికి, అక్కడి వివరాలూ గ్రేడర్ నోట్స్ ఉంటే అవీ చదివి, ఫొటో ఉంటే చేతిలోని పుస్తకంతో పోల్చండి. స్లాబ్ తెరిచి లోపలి పుస్తకం మార్చిన మోసాలు బయటపడ్డాయి కాబట్టి ప్లాస్టిక్ అంచులు కూడా చూసుకోవడం మంచిది.

మీ ఫ్రెండ్ భయంలో అర్థముంది. తెరిచిన ప్రతిసారీ వెన్ను మీద ఒత్తిడి పడుతుంది, కొత్తదానిలా ఉన్న పుస్తకానికి సన్నని గీత ఒక్కటి పడినా గ్రేడ్ దిగుతుంది. ఎవరూ చదవని ఈమధ్య సంచికైతే కింది అంచు నుంచి సున్నితంగా కాగితాలు లెక్క చూసి వదిలేస్తే చాలు. నలభై యాభై ఏళ్లు చేతులు మారిన పుస్తకానికి మాత్రం తెరవకపోవడమే పెద్ద రిస్క్. చేతులు కడిగి బాగా ఆరబెట్టుకోండి, వేలు తడి చేసుకోకండి. పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, అట్ట కింద ఎడమచేతి ఆసరా ఇచ్చి, సగానికి మించి పరవకుండా తెరవండి. పై మూల పట్టుకుని ఒక్కో కాగితం తిప్పండి. అంచుల నుంచి పొడి రాలుతుంటే కాగితం పెళుసెక్కింది, అక్కడితో ఆపి ఆ సంగతి పంపేటప్పుడు రాయండి. ఒక్కసారి జాగ్రత్తగా చూసి, రాసుకున్న కాగితాన్ని కవరుతో పాటు ఉంచుకుంటే మళ్లీ తెరవాల్సిన పని ఉండదు.

అదీకాక, గ్రేడింగ్ వాళ్లు లెక్కపెట్టేది మీరు ఫీజు కట్టి, నెలల తరబడి ఎదురుచూసిన తర్వాత. వాళ్లు కాగితం లేదని చెప్పే నాటికి అమ్మినాయన వాపసు తీసుకునే గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

అందుకే 30 పేజీల పుస్తకానికి ఈ వారంలోనే పని పెట్టుకోండి. మధ్యకు తెరిచి రెండువైపులా కాగితాల అంచులు కనిపించేలా ఒక ఫొటో, చీలిక కనిపించిన చోట ఇంకో ఫొటో తీయండి. డేటాబేస్ చూసి గానీ ఇంకో కాపీతో పోల్చి గానీ ఏ ప్రకటనల కాగితం లేదో పేరుతో సహా రాసి ఆయనకు పంపండి. వాదన పెట్టుకోకుండా, కంప్లీట్ అని అమ్మారు, ఈ కాగితం లేదు, వాపసు తీసుకోండి అని అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. డబ్బు కొంత తగ్గించి పుస్తకం మిమ్మల్నే ఉంచుకోమంటే, అలాంటి అసంపూర్ణ కాపీ ఎంతకు పోతోందో చూసి నిర్ణయించుకోండి. బాగా అరుదైన సంచికకైతే కాగితం లేకపోయినా విలువ ఉంటుంది. యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక నుంచి విడిపోయిన ఒక్కో కాగితాన్ని కూడా స్లాబ్ చేయించుకున్నవాళ్లున్నారు. మామూలు 1970ల సంచికకు గ్రేడింగ్ ఫీజే దండగ, చదువుకోవడానికి ఉంచుకోండి. ఎప్పుడైనా ఇంకొకరికి అమ్మితే ఏ కాగితం లేదో ఒక చీటీ మీద రాసి కవరులో పెట్టి ఇవ్వండి.